లిఫ్టు పక్క గది

సముద్ర విహారానికి ఎప్పుడూ వెళ్ళే పాత ఓడల కంపెనీని ఎందుకు వదిలేశారని ఈ కొత్త ఓడలో అడిగితే మూడు రోజుల్లో మూడు కారణాలు చెప్పాను. మొదటి రోజు తిండి బాగుండదన్నాను. రెండో రోజు గోల ఎక్కువన్నాను. మూడో రోజు పరుపులు గట్టివన్నాను. మా భోజనాల బల్ల దగ్గరే కూర్చునే పళ్ళ డాక్టరు చెంచా కింద పెట్టి, "మొన్న తిండన్నారు కదండీ?" అన్నాడు. పళ్ళు పీకేవాడికి కూపీలు లాగడం కూడా వచ్చునని నాకేం తెలుసు!

"తిండీ బాగుండదు, పరుపులూ బాగుండవు. నాలుగేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాం, నాలుగుసార్లూ నడుం పట్టేసింది," అన్నాను.

మా ఆయన తలెత్తకుండా సూపు కలుపుతూ కూర్చున్నారు. పాత ఓడలో పరుపులు ఎంత మెత్తగా ఉంటాయో ఆయనకి తెలుసు. ఒకసారి అయితే ఆ పరుపు ఏ కంపెనీదో కనుక్కుని రమ్మని నన్ను గుమాస్తా దగ్గరికి పంపించారు కూడా. అయినా నా అబద్ధానికి అడ్డు రాలేదు. అదే నాకు మంట. అడ్డు వస్తే బాగుండునని, "అది కాదు, అసలు సంగతి ఇది" అని ఆయనే బయటపెడితే నా ప్రాణం హాయిగా ఉండునని నాలుగు నెలలుగా ఎదురు చూస్తున్నాను.

అసలు కారణం మా ఇద్దరికీ తెలుసు. దాన్ని మధ్యలో పడుకోబెట్టుకుని ఒకే మంచం మీద కాపురం చేస్తున్నాం. ఆయన నోరు మెదపరు, నేను మెదపలేను. ఈ ఏడు రోజుల్లో ఆ మాట ఎవరో ఒకరం అనెయ్యాలి. అనకుండా ఇంటికి తిరిగి వెళ్ళామా, ఇక బతికినంత కాలం ఇలా సూపులు కలుపుకుంటూ బతకడమే. అనాల్సింది నేనేనని కూడా నాకు తెలుసు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై రెండేళ్ళ అనుభవం. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు విని అందులో ఏ నట్టు వదులైందో చెప్పగలరు. మా తమ్ముణ్ణి ఆ పనిలో పెట్టించింది నేనే. వాడికి ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా మాకింకా చిన్నోడే. పదహారేళ్ళుగా బావా బావమరుదులిద్దరూ జతగా పని చేస్తున్నారు. ఒకే బండి, ఒకే పనిముట్ల పెట్టె, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తిండి. నాతో కంటే ఎక్కువసేపు చిన్నోడితోనే కాపురం చేశారు ఆయన.

నాది ఆసుపత్రిలో ఫోన్ల బల్ల. మర్నాడు డాక్టరు దగ్గరికి రావాల్సిన వాళ్ళకి ముందు రోజు ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి. మా బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటిసారి ఎత్తకపోతే వెంటనే రెండోసారి చెయ్యాలి. అప్పుడూ ఎత్తకపోతే వెంటనే మూడోసారి. వరసగా మూడుసార్లు మోగితే ఎంత మొండివాడైనా ఎత్తుతాడు. పద్దెనిమిదేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని ఆ పద్ధతిని ఇంటిదాకా తెచ్చుకున్నాను. ఇంట్లో అందరికీ అలాగే చేస్తాను. చిన్నోడు నాకు 'అలారం' అని పేరు పెట్టాడు.

ఇక లిఫ్టువాళ్ళ పద్ధతి. లిఫ్టు కింద గుంత ఉంటుంది. అందులోకి మనిషి దిగాలంటే ముందు గోడమీది పెట్టెలో కరెంటు ఆపి, దానికి తాళం వెయ్యాలి. ఒక్క తాళం కాదు, ఎంతమంది పనిలో ఉంటే అన్ని తాళాలు. ఎవరి తాళం చెవి వాళ్ళ జేబులో ఉండాలి. ఆఖరి మనిషి పైకొచ్చి తన తాళం తను తీసుకునేదాకా కరెంటు పెట్టడం ఎవరి తరమూ కాదు. మావాళ్ళిద్దరూ మొదట్లో అలాగే చేసేవారు. తర్వాత్తర్వాత చిన్నోడు తన తాళం బండిలోనే వదిలేసేవాడు. "మనిద్దరికీ రెండెందుకు బావా, ఒక్కటి చాల్లే," అనేవాడట. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం. తాళం చెవి మా ఆయన జేబులో ఉంటే తన జేబులో ఉన్నట్టే వాడికి.

నాలుగు నెలల కిందట ఓ మంగళవారం, పొద్దున పదకొండు దాటాక, పాత కంపెనీ ఓడలో కిటికీ ఉన్న గది ఒక్కటే మిగిలిందని నాకు కబురొచ్చింది. కిటికీ గదా, కిటికీ లేని గదా? అంతే, అది అడగడానికి ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి ఎత్తారు. "ఏదో ఒకటి తీసుకో," అన్నారు. "ఏదో ఒకటేమిటండీ, తర్వాత నన్నంటారు," అన్నాను. "సరే, కిటికీదే తీసుకో," అన్నారు. ఆ మాట వెనకాల ఒక కేక వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.

ఆ కేక ఎవరిదో నాకు అర్థం కాలేదు. మాట మధ్యలో పెట్టేశారని ఒళ్ళు మండింది. మళ్ళీ చేశాను. మూడుసార్లు చేశాను. చివరికి విసుక్కుంటూ కిటికీ గది తీసేసుకున్నాను.

తర్వాత తెలిసింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని మాట్లాడుతూ, అలవాటైన చేత్తో తాళం తీసేసి కరెంటు పెట్టేశారు. చిన్నోడు మంచినీళ్ళకని అంతకుముందు రెండుసార్లు పైకొచ్చి వెళ్ళాడు, మూడోసారి కూడా వచ్చేశాడనుకున్నారో, అసలేమీ అనుకోనేలేదో. పై అంతస్తులో ఎవరో మీట నొక్కి ఉంచారు. లిఫ్టు జానెడు కదిలింది. ఆ జానెడులో గుంతలో తాడుకీ, అది తిరిగే చక్రానికీ మధ్య చిన్నోడి కుడిచెయ్యి నలిగిపోయింది. మూడు వేళ్ళు పోయాయి.

కంపెనీవాళ్ళు విచారణలో అడిగితే 'పరధ్యానంలో తీశాను' అని ఆయన ఒక్క ముక్క రాసిచ్చారు. ఎందుకు పరధ్యానమని వాళ్ళడగలేదు, ఆయన చెప్పలేదు. నాతో కూడా అనలేదు. నన్ను కాపాడుతున్నారో, నా మొహం చూడలేక ఊరుకున్నారో తేల్చుకోలేక నేను చస్తున్నాను. నాకున్న ధైర్యమల్లా ఒక్కటే, చిన్నోడికి ఆ ఫోన్ ఎవరిదో తెలీదు. గుంతలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆ ధైర్యంతోనే ప్రతి ఆదివారం డబ్బా కట్టుకుని వాడింటికి వెళ్ళి, వాడి చెయ్యి తప్ప ఇల్లంతా చూస్తూ, ఆపకుండా వాగి వచ్చేదాన్ని.

ఈ ప్రయాణం పెట్టించింది కూడా చిన్నోడే. "బావ రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుని నా చెయ్యి చూస్తున్నాడక్కా. ఆయనకి నిద్ర లేదు, నాకు విశ్రాంతి లేదు. ఎక్కడికైనా తీసుకుపో," అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పాత ఓడ వద్దులే. వేరే కంపెనీది చూడు," అన్నాడు. నేను అప్పటికే పాత ఓడలో గది వద్దని చెప్పేశాను కాబట్టి ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు.

కొత్త ఓడ చిన్నది. పాత ఓడలో పొద్దున్న లేస్తే మైకు, పాటల పోటీలు, డాన్సు క్లాసులు, తిండికి వరసలు. మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకోవడానికి ఖాళీ ఉండేది కాదు. ఇక్కడ మైకే లేదు. నడవాల్లో అడుగుల చప్పుడు వినపడకుండా మెత్తటి తివాచీలు. పనివాళ్ళు గుసగుసగా మాట్లాడతారు. రోజంతటికీ ఉన్న ఒకే ఒక్క కార్యక్రమం పేరు 'ఊరికే కూర్చునే గంట'. సాయంత్రం అందరూ పై అంతస్తులో కుర్చీల్లో కూర్చుని ఏమీ చెయ్యకుండా సముద్రం చూడాలి. నేను మొదటి రోజు పది నిమిషాలకి లేచొచ్చాను. రెండో రోజు ఐదు నిమిషాలకే లేచొచ్చాను. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ప్రశాంతత కోసం వచ్చినవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

గది విషయంలో ఇంకో ఘోరం జరిగింది. గది తీసుకునేటప్పుడు ఏజెంటు పిల్లతో ఫోన్లో మాట్లాడుతూ, "లిఫ్టు ఎక్కడుందమ్మా? మా గదికి ఎంత దూరం?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాను. ఆయనకి ఆ చప్పుడు వినపడకూడదని నా తాపత్రయం. మా ఆయన నాలుగు నెలలుగా లిఫ్టు ఎక్కలేదు, మా మూడో అంతస్తుకి మెట్లెక్కే వస్తున్నారు. ఇదంతా ఆ పిల్లకి చెప్పలేక దూరం ఎంతని మాత్రం అడిగాను. ఆమె పాపం, పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులేమో అనుకుంది. మేం ఓడెక్కేసరికి మా పేరు మీద అన్నిటికంటే కింది అంతస్తులో గది తయారుగా ఉంది. సరిగ్గా లిఫ్టు పక్కన. దిండు మీద చీటీ కూడా పెట్టారు, 'మీ సౌకర్యం కోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన గది' అని.

మార్చమని అడిగితే గదులన్నీ నిండిపోయాయన్నారు.

మొదటి రోజు మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "తలుపు రెండోసారికి గాని మూసుకోవడం లేదు," అన్నారు.

"మీరు కళ్ళు మూసుకోండి," అన్నాను.

"నేలకి వేలెడు పైన ఆగుతోంది. ఎవరో ఒకరు తట్టుకుని పడతారు."

"పడితే డాక్టర్లున్నారు. పళ్ళ డాక్టరున్నాడు మన బల్ల దగ్గరే."

ఆయన నవ్వలేదు. నేను లేచి బాత్రూములో తువ్వాళ్ళన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. గది తుడిచే అమ్మాయి వచ్చేసరికి తుడవడానికి ఏమీ మిగలడం లేదు. రెండో రోజు ఆమె నన్ను జాలిగా చూసి, "మీరు కాసేపు కూర్చోండమ్మా," అంది. ఈ ఓడలో అందరూ నన్ను కూర్చోమనేవాళ్ళే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ ఓడలో ఫోన్లు ఎక్కడ పడితే అక్కడ మాట్లాడకూడదు. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఎదురుగా ఒక బెంచీ వేసి, 'ఫోన్లు ఇక్కడ మాత్రమే' అని బోర్డు పెట్టారు. అంటే మా గది తలుపు తీస్తే లిఫ్టు, లిఫ్టు ఎదురుగా ఫోన్ల బెంచీ. నేను తప్పించుకుందామనుకున్న రెండూ గుమ్మంలోనే నిలబడి నాకు స్వాగతం చెబుతున్నాయి.

మూడు రోజులు ఇలాగే గడిచాయి. ఏదో ఒకలా మొదలుపెడదామని చూశాను. పై అంతస్తులో రెయిలింగు పట్టుకుని నిలబడి, "ఏమండీ, ఒక మాట," అన్నాను. "ఊఁ," అన్నారు. "గాలి చల్లగా ఉంది కదా," అన్నాను. ఇంకోసారి పొద్దున్న కాఫీల దగ్గర మొదలుపెట్టి, పాల వేడి గురించి మాట్లాడి ఊరుకున్నాను. రోజుకి తొంభై మంది కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడేదాన్ని, కట్టుకున్నవాడితో నాలుగు ముక్కలు అనలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగో రోజు పొద్దున టిఫిను తిని కిందికి వచ్చేసరికి లిఫ్టు ముందు పసుపుపచ్చ అడ్డుకట్ట పెట్టి ఉంది. పై అంతస్తులో ఎవరో ముసలాయన నిజంగానే తట్టుకుని పడ్డాడట. ఓడ మెకానిక్కులు ఇద్దరు వచ్చారు. ఒకతను లావుగా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. రెండో అతను బక్కపలచగా ఉన్నాడు. లిఫ్టు పెట్టెని పైకి పంపించి, తలుపు తెరిచి, గోడమీది పెట్టెలో కరెంటు ఆపేశారు.

మా ఆయన మెట్ల దగ్గరే ఆగిపోయారు. "రండి, గదిలోకి పోదాం," అన్నాను. నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి ఫోన్ల బెంచీ మీద కూర్చున్నారు. చేసేది లేక నేనూ పక్కన కూర్చున్నాను.

నెరిసిన జుట్టతను జేబులోంచి ఎర్ర తాళం తీసి ఆ కరెంటు పెట్టెకి వేశాడు. బక్కతను తన నీలం తాళం తీసి దాని పక్కనే వేశాడు. ఎవరి చెవి వాళ్ళు జేబులో వేసుకున్నారు. బక్కతను నిచ్చెన మీదుగా గుంతలోకి దిగాడు. మా ఆయన ఆ రెండు తాళాల వంక చూస్తున్నారు.

పావుగంట గడిచింది. కింద నుంచి సుత్తి చప్పుడు. ఉన్నట్టుండి నెరిసిన జుట్టతని నడుం దగ్గర ఫోన్ మోగింది. అతను చూడలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

గుంతలోంచి బక్కతని గొంతు వినపడింది. "ఎత్తన్నా! పైనుంచి సారేమో!"

"నువ్వు పైకొచ్చి నీ తాళం నువ్వు తీసుకున్నాక ఎత్తుతా," అన్నాడు నెరిసిన జుట్టతను. "అప్పటిదాకా మోగనీ."

ఆ మాటలో విసురు లేదు, గొప్ప లేదు. రోజూ అనే మాటే అన్నట్టుంది. మా ఆయన మాత్రం ముందుకి వంగి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో, ఆసుపత్రి బయట నిలబడిన రోజున కూడా, ఆయన ఏడవగా నేను చూడలేదు.

పని అయ్యేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం. బక్కతను పైకొచ్చాడు. నీలం తాళం తను తీసుకున్నాడు. ఎర్ర తాళం నెరిసిన జుట్టతను తీసుకున్నాడు. కరెంటు పెట్టి, లిఫ్టుని రెండుసార్లు కిందికీ పైకీ తిప్పి చూసుకుని, అడ్డుకట్ట మడిచి, మా వంక ఓ చూపు చూసి వెళ్ళిపోయారు. నడవా ఖాళీ అయ్యింది.

"ఆ ఫోన్ నాదే కదండీ," అన్నాను.

ఏ ఫోన్ అని అడగలేదు ఆయన. అరచేతులతో మొహం తుడుచుకున్నారు.

"అవును," అన్నారు. "నీదే."

నాలుగు నెలలుగా ఈ మాటల్ని నేను మనసులో ఎన్నోసార్లు ఆడించుకున్నాను. ప్రతిసారీ ఆయన 'కాదు, నీ తప్పేం లేదు' అంటారు, నేను ఏడుస్తాను, 'నన్ను ఊరడించకండి' అంటాను. పేర్చుకున్న ఆ మాటలన్నీ ఎందుకూ పనికి రాకుండా పోయాయి.

"నా మీద కోపంగా ఉందా?"

"ఉంది," అన్నారు. "తాళం తీసింది నా చెయ్యి. అది నాకు తెలుసు. అయినా కోపం వస్తుంది. ఎదురుగా కూర్చుని ఆ పరుపులనీ తిండనీ చెప్తుంటావు చూడు, అప్పుడింకా వస్తుంది."

"మరి తిట్టచ్చు కదా! ఇంటికొచ్చి నాలుగు వాయించచ్చు కదా! నాలుగు నెలలు మూగనోము పట్టి నన్నిట్లా కాల్చుకు తినడం దేనికి?" నాకు తెలీకుండానే గొంతు పెరిగింది. ఈ ఓడలో అంత గట్టిగా మాట్లాడినదాన్ని నేనే అయ్యుంటాను. ఆ చివర ఎవరిదో గది తలుపు కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

"వాడు చెప్పద్దన్నాడు," అన్నారు ఆయన.

"ఎవరు?"

"చిన్నోడు."

నాకు అర్థం కాలేదు. "వాడికేం తెలుసు? గుంతలో ఉన్నవాడికి నా ఫోనని ఎలా తెలుస్తుంది?"

ఆయన ఎదురుగా మూసి ఉన్న లిఫ్టు తలుపుల్ని చూస్తూ ఉన్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"రెండుసార్లు మోగింది. నేను ఎత్తలేదు. మూడోసారి మోగుతుంటే కింద నుంచి వాడే అరిచాడు. 'ఎత్తు బావా, అలారం! ఎత్తకపోతే ఆగదు' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుకుంటూనే ఎత్తాను."

ఇందాక ఆయన మొహం ఎందుకు కప్పుకున్నారో అప్పుడు తెలిసింది నాకు.

"ఆసుపత్రిలో కళ్ళు తెరిచి వాడు మొట్టమొదట అన్న మాట ఒక్కటే," అన్నారు. "'ఫోన్ సంగతి అక్కకి చెప్పకు బావా. చెప్తే ఇక నా మొహం చూడలేకపోతుంది' అన్నాడు. నేను ఒట్టేశాను. ఇవాళ నువ్వే అడిగావు కాబట్టి చెప్పాను."

ఆదివారాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎడంచేత్తో తడబడుతూ తింటూ, "ఇంకేమిటక్కా కబుర్లు" అంటూ, నేను గోడలకేసి చూస్తూ వాగుతుంటే వింటూ కూర్చున్న చిన్నోడు. వాడికి తెలీదన్న ధైర్యంతో నేను వెళ్ళాను. వాడు అన్నీ తెలిసి, నాకు తెలిసిపోతుందేమోనన్న భయంతో కూర్చున్నాడు. పాత ఓడ వద్దు, వేరే కంపెనీది చూడమన్నాడు. నేను దాన్ని మామూలు మాట అనుకున్నాను. ఆ పాత ఓడ పేరు వింటే నాకేమవుతుందో వాడికి తెలుసు. వేళ్ళు పోగొట్టుకున్నవాడు కూర్చుని నా గురించి ఆలోచించాడు. నేనేమో వాడి చెయ్యి వంక కూడా చూడలేదు.

ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. ఆయన నా వీపు మీద చెయ్యి వెయ్యలేదు, ఊరుకోమనలేదు. పక్కనే కూర్చున్నారు. అలా కూర్చోవడమే నాకు నచ్చింది. ఆయన కోపం ఆయన దగ్గరే ఉంది, దాన్ని నా కోసం దాచకుండా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నాలుగు నెలల్లో మా ఇద్దరి మధ్యా అబద్ధం లేకుండా గడిచిన మొదటి పావుగంట అది.

పళ్ళ డాక్టరు మా అంతస్తు చివరి ఈతకొలను నుంచి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి లిఫ్టు మీట నొక్కాడు. నా మొహం చూసి, "ఏమైందండీ?" అన్నాడు.

"మేం కంపెనీ ఎందుకు మారామో తెలుసా డాక్టరుగారూ?" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"పరుపులు కాదా?"

"కాదు. పరుపులు చాలా బాగుంటాయి."

డాక్టరు నా వంకా మా ఆయన వంకా చూసి, ఇంకేమీ అడక్కుండా లిఫ్టు ఎక్కాడు. తలుపులు ఒక్కసారికే మూసుకున్నాయి. మా ఆయన తలెత్తి విన్నారు.

"బాగు చేశారు," అన్నారు.

నేను ఫోన్ తీశాను. 'ఫోన్లు ఇక్కడ మాత్రమే' అన్న బోర్డు నా తల మీదే ఉంది. చిన్నోడి నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలీదు. 'నాకు తెలిసిందిరా' అనాలి, అంతవరకే తెలుసు. నీ చెయ్యి నాకు చూపించరా అని అడగాలి.

మోగింది. మోగుతూనే ఉంది. ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటాడు. ఫోన్ ఏ కుర్చీ మీదో ఉండి ఉంటుంది. ఎడంచేత్తో అందుకుని, ఎడం బొటనవేలితో ఎత్తడం వాడికింకా సరిగ్గా రాలేదు. చాలాసేపు పడుతుంది. మోగి మోగి ఆగిపోయింది.

నా బొటనవేలు దానంతటది మళ్ళీ ఆ నంబరు మీదికి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. అక్కడే ఆగింది. కాసేపు చూసి, ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను.

"మళ్ళీ చెయ్యవా?" అన్నారు ఆయన.

"వాడే చేస్తాడు లెండి," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. లిఫ్టు కిందికొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ దిగలేదు, మూసుకుని పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను.